చక్రం తిరిగిన గంటలకే కూలి: లారీ డ్రైవర్ పనిలో మంచీ చెడూ

ఆకివీడు, కైకలూరు, భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేప ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి హౌరా బయల్దేరుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద రాజమండ్రి, విశాఖ, ఇచ్ఛాపురం, భువనేశ్వర్, ఖరగ్‌పూర్ దాటుకుంటూ దాదాపు 1,200 కిలోమీటర్లు. ఐసు కరిగేలోగా సరుకు మార్కెట్లో దిగాలి. అందుకే ఆ దారిలో డ్రైవరుకు నిద్ర తక్కువ, ఫోన్లు ఎక్కువ. సరుకు దిగిపోయాక అంతా తలకిందులవుతుంది. తిరుగు లోడు దొరికేదాకా ఏ రోడ్డు పక్కనో పడిగాపులు కాయాలి. వెళ్లేటప్పుడు గంటగంటకూ "ఎక్కడిదాకా వచ్చావ్?" అని అడిగినవాళ్లు ఇప్పుడు "ఇంకో రోజు చూడు" అంటారు.

లారీ డ్రైవర్ పని ఎలాంటిదో తెలియాలంటే ఈ రెండు దశలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. బండి నడిచినంతసేపూ తొందర, ఆగాక అడిగేవాడుండడు. నడిచిన దూరానికి డబ్బు ఉంటుంది, ఆగిన రోజులకు ఉండదు. ఈ ఉద్యోగం మంచిదా కాదా అని అడిగితే జీతం, ఇంటికి దూరం, ప్రమాదాలు, ఆరోగ్యం అంటూ ఒక్కొక్కటీ విడిగా చెబుతారు. వాటిలో చాలావాటి వేరు ఒక్కటే. లారీ ఆగిన గంటలకు ఎవరూ కూలి కట్టరు.

ఈ పనిలోకి ఎందుకు వస్తారు

భూమి లేని, చదువు మధ్యలో ఆగిన కుర్రాడికి పెట్టుబడి లేకుండా చేతికొచ్చే పెద్ద పనితనం డ్రైవింగ్. కనీసం ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతును కేంద్రం 2019లో తీసేసింది. చిన్న బండి లైసెన్సు తీసుకుని ఏడాది గడిచి, 20 ఏళ్లు నిండితే హెవీ లైసెన్సుకు వెళ్లవచ్చు. అయితే లారీ పని నేర్పేది లైసెన్సు కాదు. తరతరాలుగా ఈ విద్య క్లీనర్ పనితోనే మొదలైంది. టైరును రాడ్డుతో కొట్టి శబ్దాన్ని బట్టి గాలి చూడటం, లోడు మీద పట్టా కప్పి తాడు బిగించడం, రివర్సులో సైడు చెప్పడం, రాత్రి డీజిల్ ట్యాంకుకు కాపలా ఉండటం. రెండు మూడేళ్లు ఇలా తిరిగాక ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ చేతికిచ్చేవారు. ఫీజు లేని బడి అది, తిండి కూడా బండి మీదే.

చేతిలో రోజూ డబ్బు ఆడటం రెండో ఆకర్షణ. నెల జీతం ఉన్నా లేకపోయినా బత్తా, అంటే దారి ఖర్చులకిచ్చే రోజువారీ డబ్బు, ఉంటుంది. వ్యవసాయ కూలి సీజన్‌లోనే దొరుకుతుంది, లారీకి మాత్రం ఏడాది పొడవునా ఏదో ఒక సరుకు ఉంటుంది. గుంటూరు మిర్చి, మదనపల్లె టమాటా, మిర్యాలగూడ బియ్యం, తాడిపత్రి సిమెంటు, చీమకుర్తి గ్రానైటు, కోనసీమ కొబ్బరి, తణుకు గుడ్లు. ఒక సీజన్ తగ్గితే ఇంకో సరుకు అందుకుంటుంది. నికరంగా బండి నడిపే డ్రైవరు, పట్నంలో ఒక చిన్న కంపెనీలో చేరిన డిగ్రీ కుర్రాడి కంటే ఎక్కువ ఇంటికి పంపడం వింతేమీ కాదు.

పైవాడు పక్కన లేకపోవడం కూడా ఒక లాభమే. బండి ఎక్కాక ఎక్కడ టీ తాగాలి, ఏ ధాబాలో ఆగాలి, ఏ దారిన పోవాలి అన్నది డ్రైవర్ ఇష్టం. ఇరవై ముప్పై టన్నుల బరువును ఒక్కడే నడుపుకుంటూ నాలుగు రాష్ట్రాలు దాటించడంలో ఒక గర్వం ఉంటుంది. ఆ మాట పాత డ్రైవర్లు దాచుకోరు. దేశం తెలుస్తుంది, హిందీ వస్తుంది, ఎక్కడ ఎవరితో ఎలా మాట్లాడాలో తెలుస్తుంది. హెవీ లైసెన్సు ఉంటే మరికొన్ని తలుపులు కూడా తెరుచుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ 2020 జనవరి 1న ప్రభుత్వంలో విలీనమయ్యాక అక్కడి డ్రైవర్ ఉద్యోగం ప్రభుత్వ ఉద్యోగమైంది. తెలంగాణలోనూ ఆర్టీసీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే లారీ డ్రైవర్లు ఎందరో. గల్ఫ్ మాట వస్తే కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు నుంచి వెళ్లి ట్రైలర్లు నడిపేవాళ్లున్నారు. అక్కడ మళ్లీ ఆ దేశపు లైసెన్సు సంపాదించుకోవాలి.

బత్తా లెక్క

డ్రైవరుకు డబ్బు వచ్చే పద్ధతులు బండికొకటిగా ఉంటాయి. కొందరు యజమానులు నెల జీతం, పైన రోజు బత్తా ఇస్తారు. కొందరు ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకుంటారు. కిలోమీటరుకు ఇంత అని లెక్క కట్టేవారూ ఉన్నారు, కిరాయిలో వాటా ఇచ్చేవారూ ఉన్నారు. పేర్లు వేరైనా ట్రిప్పు, కిలోమీటరు, వాటా మూడింటికీ తర్కం ఒకటే. బండి తిరిగితేనే డబ్బు.

లెక్క కోసం ఒక ట్రిప్పు మీద తిండి ఖర్చులు పోను డ్రైవరుకు 8,000 రూపాయలు మిగిలిందనుకుందాం. వెళ్లి రావడం ఆరు రోజుల్లో పూర్తయితే రోజుకు 1,300 పైమాటే. అదే ట్రిప్పు, తిరుగు లోడు దొరక్క పది రోజులు పట్టిందనుకుందాం. అదనపు నాలుగు రోజులకు తిండికీ టీలకూ రోజుకు 300 చొప్పున 1,200 పోతే చేతిలో 6,800 ఉంటుంది. పది రోజులకు పంచితే రోజుకు 680. పని అదే, దూరం అదే, రోజు కూలి మాత్రం సగమైపోయింది. ఈ ఆలస్యంలో డ్రైవర్ తప్పు ఒక్కటి కూడా లేదు.

లారీ ఆగే చోట్లు ఎన్నో ఉన్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ గేటు బయట లైను, పోర్టులో వంతు, కాటా దగ్గర క్యూ, హమాలీలు రాని పండగ రోజు. సరుకు తీసుకోవాల్సిన గోదాములో చోటు లేకపోతే లారీయే గోదాము అవుతుంది. హైదరాబాద్ లాంటి నగరాల్లోకి బరువు లారీలను పగలు రానివ్వరు. ఉదయం చేరిన బండి రాత్రిదాకా ఊరి బయటే ఉండాలి. ఆలస్యానికి సరుకువాళ్లు కట్టాల్సిన హాల్టింగ్ చార్జీ అన్నది ఒకటుంది. అది వసూలు కావడమే కష్టం, వసూలైనా ముందు చేరేది యజమానికి. అందులో డ్రైవర్ వాటా ఎంత అన్నది చాలా బళ్లలో మాటల్లో కూడా ఉండదు, ఇక కాగితం మీద ఎక్కడుంటుంది? సరుకు తగ్గితే మాత్రం ఆ షార్టేజ్ డ్రైవర్ బత్తాలోంచి కోసే యజమానులున్నారు.

ఆగడం వల్ల వచ్చే నష్టాన్ని పూడ్చుకోవడానికి డ్రైవర్ చేతిలో మిగిలే దారి ఒక్కటే. నడిచే గంటలను సాగదీయడం. బరువు లారీలు గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు, వేగాన్ని అక్కడే కట్టేసే స్పీడ్ గవర్నర్ కూడా ఉంటుంది. వేగం పెంచలేనప్పుడు నిద్ర తగ్గించుకోవాలి.

నిద్రకు చట్టం ఉంది, దాని కింద డ్రైవర్ లేడు

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పని సమయం పెట్టింది. మధ్యలో విశ్రాంతి, ఎక్కువ చేస్తే రెట్టింపు ఓవర్‌టైమ్ అందులోనే ఉన్నాయి. అరవై ఏళ్లకు పైగా ఆ చట్టం ఉన్నా లారీ డ్రైవర్ జీవితం ఎందుకు మారలేదు అంటే, ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది కార్మికులు ఉన్న సంస్థలకే అది వర్తించేది. మన లారీల్లో ఎక్కువ భాగం ఒకటి నుంచి ఐదు బళ్లున్న చిన్న యజమానులవి. అంటే ఎవరికి రక్షణ ఎక్కువ కావాలో వారిలో చాలామంది మొదటి రోజే చట్టం బయట ఉన్నారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ పాత చట్టాన్ని తనలో కలుపుకొని ఈ హద్దును పది మంది కార్మికులకు పెంచింది. లారీ రంగం వరకు చూస్తే ఇది వెనకడుగే.

ఇంకో మార్పు గురించి తక్కువ మంది మాట్లాడుకున్నారు. రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ లారీలో కనీసం ఇద్దరు డ్రైవర్లుండాలని, రెండో డ్రైవర్ కాళ్లు చాపుకుని పడుకునే సీటు ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమాల్లో ఉండేది. రెండో డ్రైవర్ తప్పనిసరి అన్న నిబంధనను 2018లో తొలగించారు. అంతకు ముందు కూడా చాలా బళ్లలో రెండో డ్రైవర్ కాగితం మీదే ఉన్నాడన్నది నిజం. కానీ అడిగే హక్కు ఉండటం వేరు, అసలు అడగడానికే లేకపోవడం వేరు. దానికి తోడు క్లీనర్ కూడా బండి దిగిపోయాడు. ఖర్చు మిగులుతుందని యజమానులు క్లీనర్లను పెట్టుకోవడం తగ్గించారు. పట్టా కప్పడం, టైరు మార్చడం, కాపలా, డ్రైవింగ్, లెక్కలు అన్నీ ఒక్క మనిషి నెత్తిన పడ్డాయి. రాత్రి పడుకున్నా ఒక చెవి డీజిల్ ట్యాంకు మీదే ఉంటుంది.

తెల్లవారుజామున 3 గంటల నుంచి 6 దాకా కళ్లు తెరిచే ఉన్నా మెదడు నిద్రలోకి జారుకునే వేళ. హైవే మీద ఘోర ప్రమాదాలు ఆ సమయంలో ఎన్ని జరుగుతున్నాయో రోజూ పేపర్ చదివేవారికి తెలుసు. "నిద్రమత్తులో డ్రైవర్" అని ఒక్క ముక్కలో ముగించేస్తారు. ఆ మత్తుకు ముందు రెండు రోజులు అతను ఏ గేటు ముందు ఆగి ఉన్నాడో ఎవరూ రాయరు. పడుకుందామని రోడ్డు పక్కన ఆపినా ముప్పే. లారీలు నిలిపే సరైన చోట్లు లేక హైవే అంచున ఆపితే వెనక నుంచి కార్లు వచ్చి గుద్దుకుంటాయి. తప్పు మళ్లీ ఆగిన లారీదే అవుతుంది. చమురు కంపెనీల బంకుల దగ్గర డ్రైవర్ల కోసం "అప్నా ఘర్" పేరుతో మంచాలు, స్నానపు గదులు ఏర్పాటు చేస్తున్నారు. మంచి పని, ఇంకా చాలా కావాలి.

ప్రమాదం జరిగిన తర్వాత

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇన్ని మరణాలున్న రోడ్ల మీద రోజంతా గడపడమే ఈ పనిలో మొదటి ప్రమాదం. రెండోది ప్రమాదం జరిగాక మొదలవుతుంది. తప్పు ఎవరిదైనా జనం ముందు పట్టుకునేది పెద్ద బండి డ్రైవర్నే.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత. అందులోనే ఒక మినహాయింపు ఉంది. జనం ఆగ్రహం వల్ల, లేదా తన చేతిలో లేని మరో కారణం వల్ల అది వీలుకాకపోతే తప్ప అని చట్టమే రాసుకుంది. పోలీసు స్టేషన్‌కు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల్లోగా తెలపాలని కూడా చెప్పింది. రోడ్డు మీద డ్రైవర్ ప్రాణానికి ఎంత భయం ఉందో చట్టం చేసినవారికి తెలుసన్నమాట. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షన్ మాత్రం నిర్లక్ష్యంగా నడిపి మరణానికి కారణమై, వెంటనే పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు అంది. దాని మీదే 2024 జనవరి మొదట్లో దేశమంతా డ్రైవర్లు బళ్లు ఆపేశారు. ట్యాంకర్లు కదలకపోవడంతో హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ లైన్లు కట్టారు. లారీల వాళ్ల సంఘాన్ని సంప్రదించాకే అమలు చేస్తామని కేంద్రం హామీ ఇచ్చింది. 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఉపసెక్షన్ ఒక్కదాన్ని పక్కన పెట్టారు.

గుద్ది వెళ్లిపోవడం నేరమే, రోడ్డు మీద రక్తంలో వదిలేసిన మనిషి ప్రాణం డ్రైవర్ భయం కంటే తక్కువ కాదు. అయినా ఆగితే కొట్టి చంపుతారన్న భయాన్ని తీసేయకుండా పారిపోతే పదేళ్లు అనడం వల్ల గాయపడినవాడికి సాయం అందదు. కొంచెం దూరం పోయి 112కి ఫోన్ చేసినా, దగ్గరి స్టేషన్‌లో బండి అప్పగించినా అది పారిపోవడం కిందకు రాదని ప్రతి డ్రైవరుకూ తెలిసేలా చెప్పాలి.

ఓవర్‌లోడ్ కూడా ఈ లెక్కలోదే. హద్దు దాటితే 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. 2018లో కేంద్రం బరువు పరిమితులను పెంచింది. పది టైర్ల బండికి సరుకుతో కలిపి 25 టన్నుల నుంచి 28.5 టన్నులైంది. పరిమితి పెరిగినా కిరాయి పోటీ తగ్గలేదు. అదనపు బరువు వేయమనేది వేరొకరు, దిగువలో బ్రేకు పట్టకపోతే క్యాబిన్‌లో ఉండేది డ్రైవరు.

ఇల్లు, ఒళ్లు

నడుము నొప్పి, షుగర్, బీపీ, మూలశంక, కంటి చూపు. వేళకు తిండీ, వేళకు మరుగుదొడ్డీ లేనిచోట ఇవి రావడం వింత కాదు. లైసెన్సుకు వైద్య ధ్రువపత్రం కావాలి, కానీ చాలాచోట్ల అది సంతకం దగ్గరే ఆగిపోతుంది. నలభై దాటాక ఎదుటి లైట్లు కళ్లలో పొడుస్తున్నాయని డ్రైవరే గమనించి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఎండకాలపు క్యాబిన్ గురించి చెప్పక్కర్లేదు. ఇంజన్ వేడి కింద నుంచి, ఎండ పై నుంచి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే బరువు లారీలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు. ఎంతో ఆలస్యంగా వచ్చినా ఇది నిజమైన మేలు. పాత బళ్లు మారేదాకా మాత్రం చాలామందికి అది అందదు.

"లారీ డ్రైవరుకు పిల్లనివ్వం" అన్న మాట పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. తాగుబోతులని, తిరుగుబోతులని వేసిన ముద్ర అందులో ఉంది. హెచ్ఐవీ వ్యాప్తి ఎక్కువగా ఉన్న రోజుల్లో అవగాహన కార్యక్రమాలు లారీలు ఆగే చోట్ల జరగడం అవసరమే అయినా, ఆ ముద్రను ఇంకా గట్టిపరిచింది. ముద్ర సంగతి అలా ఉంచితే, ఆడపిల్ల తల్లిదండ్రుల లెక్కలో న్యాయం లేకపోలేదు. నెలలో ఇరవై రోజులు లేని భర్త, బిడ్డ జ్వరానికీ స్కూలు మీటింగుకూ రాలేని తండ్రి. ఎప్పుడు వస్తాడో ముందుగా చెప్పలేకపోవడం ఇంకా కష్టం. ఆగిన లారీ ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకే తెలియనప్పుడు భార్యకు ఏమని చెబుతాడు?

డ్రైవర్లు తమ కొడుకులను ఈ పనిలోకి రానివ్వడం లేదు. క్లీనర్ పని పోవడంతో నేర్చుకునే దారి కూడా మూసుకుపోయింది. డ్రైవర్లు దొరక్క బళ్లు ఆగుతున్నాయని యజమానులు అంటున్నారంటే కారణం ఇక్కడే ఉంది.

సొంత బండి కల

ఓనర్ కమ్ డ్రైవర్ కావడం ప్రతి డ్రైవర్ కల. బండి తనదైతే హాల్టింగ్ తనకే వస్తుంది, ఎప్పుడు ఆగాలో తనే నిర్ణయించుకుంటాడు. కానీ ఆగిన రోజు నష్టం కూడా ఇప్పుడు పూర్తిగా తనదే. ఫైనాన్స్ కిస్తీ నెల నెలా వస్తుంది, మూడు నెలలకోసారి పన్ను, ఏటా ఇన్సూరెన్స్, పాత బండికి ఏటా ఫిట్‌నెస్, ఆపైన టైర్లు. కిరాయి మాట్లాడేది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, కమీషన్ పోను మిగిలినదాంట్లో సగం డీజిల్‌కే. ఒక్క బండితో, అప్పుతో మొదలుపెట్టినవాడు చాలాసార్లు ఫైనాన్స్ కంపెనీకి జీతం లేని డ్రైవర్‌గా మిగిలిపోతాడు. రెండు వైపులా లోడు ఖాయంగా చూపించే ఒప్పందం చేతిలో లేకుండా కొత్త బండికి సంతకం పెట్టడం తెలివైన పని కాదు.

దారి మీద బాధలు కొన్ని తగ్గిన మాట నిజం. 2017లో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. తెలంగాణ 2025 అక్టోబరులో రవాణా శాఖ చెక్‌పోస్టులనూ ఎత్తేసింది. ఫాస్టాగ్‌తో టోల్ దగ్గర ఆగడం తగ్గింది. ఇదంతా మిగిల్చిన గంటలు డ్రైవర్ నిద్రకు చేరాలి. జీపీఎస్ చూసి "ఎందుకు ఆపావ్?" అని ఫోన్ చేసే యజమాని ఉన్నచోట అవి ఇంకో ట్రిప్పుకు చేరుతున్నాయి. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లు గడువు కూడా 2021 జనవరి నుంచి రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన నడుస్తోంది, అంతకు ముందు అది 100.

ఆగే గంటల సమస్యకు ఒక కంపెనీ వేరే దారి ప్రయత్నించింది. గురుగ్రామ్‌కు చెందిన రివిగో, రిలే పరుగులా ఒక డ్రైవర్ నాలుగైదు గంటలు నడిపి బండిని తర్వాతి వాడికి అప్పగించి, ఎదురొచ్చే ఇంకో బండితో అదే రోజు ఇంటికి చేరేలా ఏర్పాటు చేసింది. లారీ ఆగదు, డ్రైవర్ ఇంట్లో పడుకుంటాడు. అయితే దీనికి వందల బళ్లు, రెండు వైపులా లోడు ఉండాలి. ఆ కంపెనీ కూడా నిలదొక్కుకోలేక 2022లో ప్రధాన వ్యాపారాన్ని అమ్మేసింది. ఆకివీడు చేపల లారీకి అది అందేది కాదు.

కాబట్టి ఇప్పుడు పనిలో చేరేవారు బండిని చూసి కాదు, ఒప్పందాన్ని చూసి చేరాలి. ఒకే ఫ్యాక్టరీ నుంచి ఒకే డిపోకు తిరిగే ట్యాంకరు, సిమెంటు బండి లాంటివాటిలో డబ్బు కాస్త తక్కువైనా ఇంటికొచ్చే రోజు తెలుస్తుంది. లోడు దొరికిన దూరాలకల్లా తిరిగే లైను బండిలో డబ్బు ఎక్కువ, ఇంటికొచ్చే రోజు తెలియదు. ఏది ఎంచుకున్నా బండి ఎక్కకముందే అడగాల్సినవి ఉన్నాయి. ఆగిన రోజుకు బత్తా ఉందా? హాల్టింగ్ వస్తే తన వాటా ఎంత? షార్టేజ్ ఎవరి మీద? ఓవర్‌లోడ్ జరిమానా ఎవరు కడతారు? అన్నిటికంటే ముందు బండి ఇన్సూరెన్స్ కాగితం తీసి, అందులో డ్రైవర్ కోసం ప్రీమియం కట్టారో లేదో చూడాలి. పనిలో ఉండగా ప్రమాదం జరిగితే సామాజిక భద్రతా కోడ్ (2025 నవంబరు దాకా 1923 నాటి పరిహార చట్టం) కింద కుటుంబానికి రావాల్సిన డబ్బు ఒక్క బండి యజమాని జేబులోంచి రావడం కష్టం, ఆ పాలసీ నుంచే రావాలి. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఇంటికి పంపడానికి నిమిషం కూడా పట్టదు.